ఎక్కిన రేటు ఎందుకు దిగదు?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, వినియోగదారుల దినోత్సవమని పొద్దున్నే పని ముగించుకుని వచ్చిన అక్కలకి, చెల్లెళ్లకి, వెనక నిలబడ్డ తమ్ముళ్లకి అందరికీ. పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి. మన్నించండి.

నాకిచ్చిన విషయం ‘చమురు ధరలు, వంటింటి ఖర్చు’. నేను పదిహేనేళ్లుగా రాజమండ్రిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. చమురంటే నాకు మూడు వస్తువులు: గ్యాస్ సిలిండర్, పామాయిల్ డబ్బా, కూరగాయలు తెచ్చే ఆటోలో పోసే డీజిల్. ఈ మూడూ ఒక్కసారే మీద పడింది 2022లో. ఆ సంవత్సరం ఖర్చుల పుస్తకం తెచ్చాను. నూనె మరకలతో అట్ట జిడ్డుగా ఉంది, ఏమనుకోకండి.

ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. మార్చి మొదట్లోనే ముడి చమురు బ్యారెల్ 130 డాలర్లు దాటింది. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 వంతులకు పైగా బయటి నుంచి కొనేదే. మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 దాకా, పదహారు రోజుల్లో పెట్రోలు, డీజిల్ రేట్లు పద్నాలుగుసార్లు పెంచారు. మొత్తం లీటరుకి పది రూపాయలు. మా ఆటో అబ్బాయి వారం తిరక్కుండానే ట్రిప్పుకి కిరాయి పెంచాడు. అతన్ని తప్పు పట్టలేను, అతనూ బంకులో కొనాల్సిందే. ఏప్రిల్ ఒకటిన 19 కిలోల సిలిండర్ మీద 250 రూపాయలు పెరిగింది. నాకు నెలకి పది సిలిండర్లు పడతాయి. అంటే పొయ్యి వెలిగించకముందే 2,500.

ఇక నూనె. పొద్దుతిరుగుడు నూనె మనకి ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. అది ఆగిపోయేసరికి అందరూ పామాయిల్ మీద పడ్డారు. ఇక్కడ ఒక సంగతి వినండి, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇండోనేషియాలో పామాయిల్‌తో చేసిన ఇంధనాన్ని డీజిల్‌లో కలుపుతారు. అప్పటికే నూటికి 30 వంతులు కలుపుతున్నారు. ముడి చమురు ప్రియమైతే పామాయిల్‌కి బండి ట్యాంకు దగ్గర గిరాకీ పెరుగుతుంది. అంటే నా మూకుడూ, అక్కడి లారీ ట్యాంకూ ఒకే నూనె కోసం పోటీ పడుతున్నాయి! పైగా ఏప్రిల్ 28న ఆ దేశం పామాయిల్ ఎగుమతే ఆపేసింది. మే 23 దాకా అంతే. పెదవేగి వైపు పామాయిల్ తోటలున్న మన రైతులకి గెలల రేటు బాగా వచ్చింది, అందుకు సంతోషమే. నా పొయ్యి దగ్గర మాత్రం లెక్క కుదరలేదు.

కూర 20 నుంచి 25 చేశాను.

మా వీధి చివర ఒక రిటైరైన మాస్టారు ఉండేవారు. భార్య పోయారు. రోజూ పదకొండున్నరకి స్టీలు టిఫిన్ గిన్నె పట్టుకుని వచ్చి ఒక కూర, ఒక పప్పు తీసుకెళ్లేవారు. రాత్రికి కూడా అవే. ఆ రోజు పలక మీద 25 చూసి కాసేపు నిలబడ్డారు. “ఒక్క కూర చాలమ్మా” అన్నారు. మర్నాటి నుంచి పప్పు మానేశారు. నేను గరిటెడు ఎక్కువ వెయ్యబోతే గిన్నె వెనక్కి లాక్కుని, “అందరికీ ఎంతో నాకూ అంతే వెయ్యమ్మా” అనేవారు. అయిదు రూపాయలంటే ఎంతో నాకు ఆ గిన్నె చూశాకే తెలిసింది. ఇన్నేళ్లయినా మరిచిపోలేదు.

అసలు చెప్పాలని వచ్చింది ఇప్పుడు చెబుతాను. ఆ ఏడాది చివరికి చమురు దిగింది, పామాయిల్ దిగింది. నేను కూర రేటు తగ్గించానా? తగ్గించలేదు. మూడు నెలలు చేతి డబ్బు పోసి వండాను, సంఘంలో 40,000 అప్పు తీసుకున్నాను. నూనె దిగినా వాయిదా దిగదు కదా. ఆటో అబ్బాయిదీ ఇదే కథ, కిరాణా కొట్టాయనదీ ఇదే కథ. ఎక్కిన రేటు దిగకపోవడానికి దురాశ ఒక్కటే కారణం కాదమ్మా. ధర వెళ్లిపోతుంది, అది చేసిన అప్పు ఉండిపోతుంది.

మరి పెద్దవాళ్ల సంగతి? 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ముడి చమురు ధర సున్నా కంటే కిందకి పోయింది. లాక్‌డౌన్‌లో టీవీ ముందు కూర్చుని, ఇంక మనకీ తగ్గుతుందనుకున్నాను. మే 5 రాత్రి కేంద్రం పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు సుంకం పెంచింది. తగ్గాల్సిందంతా ఖజానాకి పోయింది, బంకులో రేటు అలాగే ఉంది. 2025 ఏప్రిల్‌లోనూ అంతే. ముడి చమురు దిగింది, లీటరుకి రెండు రూపాయల సుంకం ఎక్కింది, అప్పుడే ఇంటి సిలిండర్ మీద 50 రూపాయలు పెరిగింది. రాష్ట్రం వేసే వ్యాట్‌లో పెద్ద భాగం శాతం లెక్కన ఉంటుంది, అంటే ధర పెరిగిన కొద్దీ ఆ పన్నూ పెరుగుతుంది.

చమురు కంపెనీలని అడిగితే, పెరిగినప్పుడు ఆపి నష్టపోయాం, ఇప్పుడు రాబట్టుకుంటున్నాం అంటారు. అది నా లెక్కే, కాదనను. కానీ నా అప్పు కాగితం సంఘంలో ఇరవై మంది చూశారు. ఎంత తీసుకున్నాను, ఎంత కట్టాను, చివరి వాయిదా ఎప్పుడు, అన్నీ అందులో ఉన్నాయి. వాళ్లూ అలాగే మనకి అర్థమయ్యేలా చెప్పాలి: ఇంత నష్టం, ఇంత వచ్చింది, ఫలానా తేదీ నుంచి తగ్గిస్తాం అని. ఆ తేదీ అడిగే హక్కు మనకి లేదా? చెప్పండమ్మా, లేదా?

ఇంకొక్క నిమిషం. ఈ రెండు నూనె ప్యాకెట్లు చూడండి. దూరం నుంచి ఒక్కలాగే ఉన్నాయి. దీని మీద 910 గ్రాములు, అంటే సుమారు లీటరు. దీని మీద 850. ఈ రెండోదాన్ని ధర మాత్రమే చూసి చవకనుకుని తెచ్చాను. కొనేముందు గ్రాములు చదవండి, చూపు ఆనకపోతే పిల్లల చేత చదివించండి.

నా అప్పు 2023 నవంబరులో తీరింది. ఆ మర్నాడే కూర 23 చేశాను. ఫోన్‌పే వచ్చాక చిల్లర బెడద కూడా లేదు. మాస్టారు అప్పటికే హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు.

అప్పటి నుంచి పలక మీద కూర రేటు పక్కనే ఆ నెల సిలిండర్ రేటు కూడా రాస్తున్నాను. ఒకటో తారీకున కొత్త రేటు వస్తుంది, ఆ పొద్దున్నే తుడిచి మళ్లీ రాస్తాను. మీరూ మీ ఇంట్లో ఒక నోటుబుక్కులో రాయండి: సిలిండర్, నూనె, పప్పు, తేదీ. వచ్చే నెల మీటింగుకి పట్టుకురండి, పక్కపక్కన పెట్టి చూద్దాం. నాది ఇక్కడే బల్ల మీద ఉంచుతున్నాను. జాగ్రత్తగా తిప్పండి, మధ్య కాగితాలు ఊడొస్తున్నాయి.