రోడ్ ట్యాక్స్ కట్టాం కదా, మళ్లీ పొగకు చార్జీ ఏంటి?

(బాల్కనీలో కెమెరా. వెనకాల ఔటర్ రింగ్ రోడ్ హారన్ల మోత. తీసేయొద్దు, అలాగే ఉంచండి.)

నమస్కారం అండి. ఈ వీడియో కాస్త కోపంగా తీస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా.

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వార్త పడేశారు. ఔటర్ రింగ్ రోడ్ మీద కారులో ఒక్కరే వెళ్తే చార్జీ వేస్తారట అని. ఈ మాట బెంగళూరులో అప్పుడప్పుడు లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. అంతే, రాత్రి పదకొండు దాకా గొడవ. అందరిదీ ఒకటే పాట: లైఫ్ ట్యాక్స్ కట్టాం, పెట్రోల్ మీద సెస్సు కడుతున్నాం, టోల్ కడుతున్నాం, ఇంకా ఎంత పిండుతారు అని. పది లక్షల కారు కొంటే కర్ణాటకలో లక్షకు పైగా లైఫ్ ట్యాక్సే పోతుంది, ఆ బాధ నాకూ తెలుసు. ఏపీ నంబర్ బండి ఇక్కడ ఏడాది దాటి తిప్పి ఆర్టీఓ వాళ్లకు దొరికినవాళ్లకైతే ఇంకా బాగా తెలుసు, నవ్వకండి, మీలో సగం మంది అదే బాపతు. కానీ ఆ పాటలో ఒక తప్పు ఉంది. ఆ తప్పు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే అదే మాట నాకు మా ఇంట్లోనే, మా సీలింగ్ కింద నిలబడి చెప్పారు.

నేనుండేది 202. పైన 302. రెండేళ్ల పాటు మా బాత్‌రూమ్ సీలింగ్ నుంచి నీళ్లు కారాయి. పైకెళ్లి అడిగితే 302 అంకుల్ అన్నమాట ఏంటో తెలుసా? "నేను నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నానమ్మా." నిజమే, ఒక్క నెల కూడా ఆపలేదు. కానీ అంకుల్, మెయింటెనెన్స్ లిఫ్టుకు, వాచ్‌మన్‌కు, కారిడార్ లైట్లకు. మీ పైపు నా నెత్తిన కారడానికి అది లైసెన్స్ కాదు కదా!

రోడ్ ట్యాక్స్ సంగతీ అంతే. అది మెయింటెనెన్స్. మీ బండి పొగ గొట్టంలోంచి వచ్చేది లీకేజీ. కింద ఫ్లాట్‌లో ఎవరున్నారు? సిల్క్ బోర్డు జంక్షన్‌లో పొద్దున్నుంచి నిలబడే ట్రాఫిక్ పోలీసు, కేఆర్ మార్కెట్ బయట పూలమ్మే అమ్మ, కిటికీలు తెరిచిన బీఎంటీసీ బస్సులో గంటన్నర కూర్చునే గార్మెంట్స్ అమ్మాయి. వీళ్లలో చాలామందికి కారు లేదు. పైన పైపు వాళ్లది కాదు, సీలింగ్ మాత్రం వాళ్లదే తడుస్తుంది. మనం అద్దాలు ఎక్కించుకుని ఏసీ వేసుకుంటాం.

ఇంకొకటి. రెండు చార్జీలను కలిపి కొడుతున్నారు. ఒంటరిగా కారులో వెళ్తే వేసేది రద్దీ చార్జీ. అది లిఫ్టు గొడవ. పొద్దున తొమ్మిదికి లిఫ్టులో ఒక్కరే వెళ్తూ చోటంతా ఆక్రమించారని. దానికి మీ బండి ఎలక్ట్రిక్ అయినా ఒకటే, డీజిల్ అయినా ఒకటే. లండన్‌లో 2003 నుంచి ఉన్న కంజెషన్ చార్జ్ అదే. అక్కడ ఎలక్ట్రిక్ కార్లకు ఇచ్చిన పూర్తి మినహాయింపును కూడా 2025 డిసెంబర్‌లో తీసేశారు, చోటు చోటే కాబట్టి. పొగ చార్జీ వేరు. అది లీకేజీకి జరిమానా. పైపు బాగుంటే పైసా కట్టక్కర్లేదు. ఈ రెండో దాని గురించే ఇవాళ మాట్లాడేది.

దీనికి లండన్ యులెజ్, అంటే పొగ ఎక్కువ వదిలే బండ్లకు చార్జీ వేసే ‘అల్ట్రా లో ఎమిషన్ జోన్’, మంచి ఉదాహరణ. 2019 ఏప్రిల్ 8న నగరం నడిబొడ్డున మొదలైంది, 2021 అక్టోబర్‌లో పెరిగింది, 2023 ఆగస్టు 29న లండన్ మొత్తానికి వచ్చేసింది. నిబంధనకు సరిపోని కారు ఆ రోజు ఒక్కసారి రోడ్డెక్కినా 12.50 పౌండ్లు, ఇప్పటి లెక్కన 1,400 రూపాయల పైమాటే. కట్టకపోతే జరిమానా 180 పౌండ్లు, పద్నాలుగు రోజుల్లో కడితే సగం. మా బావ అక్కడ శివారులో ఉంటాడు, 2014 డీజిల్ కారు. ఆ నెల ఆయన ఫోన్ చేస్తే హలో కూడా అనలేదు, నేరుగా తిట్లే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన లెక్క. బండి పొగకు యూరప్‌లో పెట్టిన పరిమితులను యూరో అంటారు, నంబర్ పెరిగేకొద్దీ రూల్ కఠినం. లండన్ రూల్ ప్రకారం పెట్రోల్ కారు యూరో 4 ఉంటే చాలు, అంటే సుమారు 2006 తర్వాత వచ్చినవి. డీజిల్ అయితే యూరో 6 కావాలి, అంటే 2015 సెప్టెంబర్ తర్వాతవి. చూడగానే ఏమనిపిస్తుంది? డీజిల్ వాళ్ల మీద కక్ష అనిపిస్తుంది. మా బావకు అలాగే అనిపించింది. కానీ నైట్రోజన్ ఆక్సైడ్ల, అంటే పొగలో ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువుల, పరిమితి చూడండి.

(స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో: 80)

యూరో 4 పెట్రోల్ కారుకు కిలోమీటరుకు 80 మిల్లీగ్రాములు. యూరో 6 డీజిల్‌కు కూడా 80 మిల్లీగ్రాములే. ఇద్దరికీ ఒకటే గీత! పైపు ఎప్పుడు వేశారని అడగలేదు, ఎన్ని చుక్కలు కారుతున్నాయని అడిగారు, అంతే. యూరో 4 డీజిల్‌కైతే ఆ పరిమితి 250. మూడింతలు పైనే.

మన బీఎస్, అంటే భారత్ స్టేజ్, నిబంధనలు దాదాపు వాటి నకలే. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ లాంటి 13 నగరాల్లో బీఎస్ 4 2010లోనే వచ్చింది, దేశమంతా 2017లో, ఆ తర్వాత బీఎస్ 5ను వదిలేసి 2020 ఏప్రిల్‌లో నేరుగా బీఎస్ 6కు దూకాం. అంటే లండన్ గీత తెచ్చి ఇక్కడ గీస్తే, 2011లో బెంగళూరులో కొన్న మీ నాన్నగారి పాత పెట్రోల్ మారుతి ఫ్రీగా తిరుగుతుంది, 2019లో ముచ్చటపడి కొన్న బీఎస్ 4 డీజిల్ ఎస్‌యూవీ చార్జీ కడుతుంది. గ్రూపులో ఈ మాట చెప్పగానే కొందరు సైలెంట్ అయిపోయారు. ఎవరో నేను చెప్పను.

ఢిల్లీలో దీనికి రివర్స్. అక్కడ చూసింది వయసు. డీజిల్ పదేళ్లు, పెట్రోల్ పదిహేనేళ్లు దాటితే బండి పక్కన పెట్టాల్సిందే అని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే అంది. 2025 జూలై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో ఆయిల్ పోయొద్దన్నారు, కెమెరాలు పెట్టారు, జనం గోల చేస్తే రెండు మూడు రోజుల్లోనే వెనక్కి తగ్గారు. తగ్గక ఏం చేస్తారు? నెలకోసారి గుడికి వెళ్లే బండీ, రోజూ 150 కిలోమీటర్లు తిరిగే బండీ ఒకటేనా? బిల్డింగ్‌కు పదేళ్లు నిండాయి కాబట్టి అందరూ పైపులు పీకేయండి అన్నట్టుంది.

"మరి నాకు ఎమిషన్ టెస్ట్ సర్టిఫికెట్ ఉంది కదా" అంటారు. బంకు పక్కన వ్యాన్‌లో తీసేదే కదా. అందులో పెట్రోల్ బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు, డీజిల్‌కు పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లు అసలు కొలవరు. ప్లంబర్ వచ్చి వంటింటి కుళాయి తిప్పి చూసి, బాత్‌రూమ్ బాగుందని సంతకం పెట్టినట్టు.

సరే, ఇంతవరకు నేను 202 తరఫున మాట్లాడాను. ఇప్పుడు 302 అంకుల్ తరఫున మాట్లాడతాను. ఆయనకూ న్యాయం ఉంది, ఆ న్యాయం చిన్నదేం కాదు.

ఆయనది పెన్షన్. పైపు మార్చాలంటే టైల్స్ పగలగొట్టాలి, అరవై వేలు అన్నాడు ప్లంబర్. పైగా ఆ పైపులు ఆయన ఎంచుకోలేదు, బిల్డర్ వేశాడు, ఇవే మంచివని చెప్పి మరీ అమ్మాడు. డీజిల్ కథ కూడా అచ్చం ఇదే. బ్రిటన్‌లో 2001 నుంచి కార్బన్ డయాక్సైడ్ తక్కువుంటే ట్యాక్స్ తక్కువ అన్నారు, డీజిల్‌కు అది కలిసొచ్చింది, జనం ఎగబడి కొన్నారు. మన దగ్గర 2014 అక్టోబర్ దాకా డీజిల్ ధరను ప్రభుత్వమే తొక్కి పట్టింది, పెట్రోల్‌కు దానికి అంత తేడా ఉంటే ఎవరు మాత్రం డీజిల్ కొనరు? ఆశ చూపి కొనిపించి, తర్వాత మీరే దోషులు అంటే ఎలా? మా బావ తిట్లలో ఈ ఒక్క తిట్టు నూటికి నూరు పాళ్లు కరెక్టు.

అందుకే చార్జీ న్యాయమా కాదా అంటే, నన్నడిగితే, ముందు అసోసియేషన్, అంటే ఇక్కడ ప్రభుత్వం, ఏం చేసిందో చూడాలి. టైమ్ ఇచ్చారా? రిపేర్‌లో చెయ్యి వేశారా? రిపేర్ అయ్యేదాకా వాడుకోవడానికి ఇంకో బాత్‌రూమ్, అంటే బస్సో మెట్రోనో, ఉందా?

టైమ్ సంగతి, లండన్ మధ్యలో బాగానే ఇచ్చారు, శివార్లకు మాత్రం 2022 నవంబర్‌లో ఖాయం చేసి తొమ్మిది నెలల్లో తెచ్చేశారు. సాయం సంగతి ఇంకా ఘోరం. పాత బండి ఇచ్చేస్తే కారుకు 2,000 పౌండ్ల దాకా ఇచ్చే పథకం మొదట కొన్ని రకాల సహాయం పొందేవాళ్లకు, వికలాంగులకు, చిన్న వ్యాపారులకే. లండన్‌వాసులందరికీ అని తెరిచింది ఎప్పుడో తెలుసా? చార్జీ మొదలవడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. పెళ్లి మండపంలో కూర్చోబెట్టి సంబంధం చూడమన్నట్టుంది. శివార్లలో జనం ఊరుకోలేదు, కెమెరాల వైర్లు కోసేశారు. 2023 జూలైలో శివారు అక్స్‌బ్రిడ్జ్ ఉప ఎన్నికలో లేబర్ పార్టీ 495 ఓట్లతో ఓడిపోయింది, కారణం యులెజ్ అని వాళ్లే అన్నారు. ఐదు కౌన్సిళ్లు హైకోర్టుకు వెళ్లి ఓడిపోయాయి. మేయర్ సాదిక్ ఖాన్ మాత్రం తర్వాతి ఏడాది మళ్లీ గెలిచారు, అదీ చెప్పాలి కదా.

కానీ పేదవాళ్ల మీద భారం అనే మాట వింటే ఒక్క నిమిషం ఆగండి. 2021 జనాభా లెక్కల్లో లండన్‌లో 40 శాతానికి పైగా ఇళ్లకు కారే లేదు. బెంగళూరులో ఆ మాట ఎవరి తరఫున ఎవరు అంటున్నారో చూడండి, ముప్పై లక్షల బండిలో కూర్చుని "పాపం పేదలు" అనేవాళ్లే ఎక్కువ. నిజంగా దెబ్బ తగిలేది పాత టాటా ఏస్‌లో కూరగాయలు తెచ్చేవాడికి, కిస్తీలు కట్టుకుంటున్న డీజిల్ క్యాబ్ డ్రైవరుకు. వాళ్ల కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేయాలి, చేసి తీరాలి. వాళ్లను అడ్డం పెట్టుకుని మనం తప్పించుకోకూడదు.

లండన్ దక్షిణాన ఎల్లా అని తొమ్మిదేళ్ల పాప, రద్దీగా ఉండే సౌత్ సర్క్యులర్ రోడ్ దగ్గరే ఇల్లు, విపరీతమైన ఆస్తమా. 2013లో చనిపోయింది. గాలి కాలుష్యం కూడా ఆ చావుకు కారణమేనని 2020 డిసెంబర్‌లో కరోనర్, అంటే చావుకు కారణం విచారించే అధికారి, తేల్చారు. వాళ్లమ్మ ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన తీర్పు అది. కింద ఫ్లాట్ అని నేను సరదాగా అంటున్నాను గానీ...

(ఇక్కడ కట్ చేయొద్దు, ఆ ఆగడం అలాగే ఉండనివ్వండి.)

అయ్యో, పన్నెండు నిమిషాలు అయిపోయింది. మిగతావి గబగబా చెప్పేస్తా.

ఫలితం ఉందా? ఉంది. 2017లో లండన్‌లో రూలుకు సరిపోయే బండ్లు 39 శాతం, నగరమంతా వచ్చిన ఏడాదికి 96 శాతం. అంటే ఎక్కువమంది ఆ చార్జీ కట్టనే కట్టరు. ప్రభుత్వానికి ఆదాయం తగ్గిపోయే పన్ను ఇది, దోపిడీ అనేవాళ్లు ఇది కాస్త ఆలోచించండి.

లోపం? ఉంది. రెండు కిలోమీటర్లు పోయినా 12.50, రెండు వందలు పోయినా అంతే. ఒక చుక్క కారినా, బకెట్ కారినా ఒకటే ఫైన్. ఇటలీ లొంబార్డీలో 2019 నుంచి కిలోమీటర్లు లెక్కపెట్టే బాక్స్ బండిలో పెట్టించుకునే పద్ధతి ఉంది, పాత బండికి ఏడాదికి ఇన్ని కిలోమీటర్లు అని కోటా. నాకు నచ్చింది.

స్టాక్‌హోమ్‌లో రద్దీ పన్నుకు ముందు, 2005 ఆగస్టులోనే బస్సులు పెంచారు, 2006 జనవరి నుంచి జూలై దాకా ట్రయల్ నడిపారు, ట్రాఫిక్ 20 శాతం దాకా తగ్గింది, సెప్టెంబర్‌లో ఓటింగ్ పెడితే నగర ప్రజలు సరే అన్నారు. ముందు బస్సు, తర్వాత బిల్లు. బెంగళూరులో వైట్‌ఫీల్డ్‌కు 2023లో మెట్రో వచ్చింది, బొమ్మసంద్రకు 2025 ఆగస్టులో వచ్చింది, ఆ దారుల్లో ఇంకో బాత్‌రూమ్ ఉంది అనొచ్చు. ఔటర్ రింగ్ రోడ్ మీద మాత్రం మెట్రో పిల్లర్లను ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాం. మారతహళ్లిలో దిగి ఆఫీసుకు నడుద్దామంటే ఫుట్‌పాత్ ఎక్కడుందో మీరే చెప్పండి. ఈ స్థితిలో నేరుగా చార్జీ తెస్తే నేనే ఒప్పుకోను. ముందు బీఎస్ 3 డీజిల్ కమర్షియల్ బండ్లు, వాటికి రెండేళ్ల గడువు, మార్పిడికి డబ్బు, ఆ తర్వాత బీఎస్ 4 డీజిల్ కార్లు, వసూలైంది బీఎంటీసీకే అని చట్టంలో రాసి పెట్టాలి. టూ వీలర్ల సంగతి ఇంకో వీడియో, అది ఇందులో ఇరికిస్తే తెల్లారిపోతుంది. రోడ్డు దుమ్ము, కన్‌స్ట్రక్షన్ దుమ్ము కూడా ఉంది కదా అని కామెంట్ పెట్టబోతున్నారు, తెలుసు, ఉంది. అది టెర్రస్ లీకేజీ. దానికి బాధ్యత అసోసియేషన్‌ది, అంకుల్‌ది కాదు.

అంకుల్ ఏమయ్యారని అడుగుతారేమో. అసోసియేషన్ సగం పెట్టుకుంది, మూడు నెలలు టైమ్ ఇచ్చింది, ఆ తర్వాత రోజుకు రెండు వందలు ఫైన్ అంది. ఆయన ఎనభై ఎనిమిదో రోజున ప్లంబర్‌ను పిలిచారు. పని జరిగిన పది రోజులు స్నానానికి మా బాత్‌రూమే వాడుకున్నారు. తువ్వాలు ఒకటి ఇంకా ఇక్కడే ఉంది, రేపు ఇచ్చి రావాలి.