ప్రమాణం అంటే ఒట్టా, రుజువా?

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు విద్యార్థుల ఎదుట ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, ఇవాళ మీకు ఇంగ్లీషు పాఠమే చెబుతాను. కానీ మా నానమ్మతో మొదలుపెడతాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆవిడ వెంట ఒక ఆఫీసుకి వెళ్లాను. ఇంటి స్థలం ఆవిడ పేరు మీదికి మార్పించుకోవాలి. బల్ల వెనకున్నాయన కాగితాలు తిరగేసి "ప్రమాణ కాహిఁ?" అన్నాడు. నానమ్మది పాతపట్నం వైపు పల్లె. కోడలిగా వచ్చి నలభై ఏళ్లయినా ఒడియా అంతగా పట్టుబడలేదు. చేతులు జోడించి, "సేత్తాను బాబూ, నీలమణి దుర్గమ్మ మీద పెమానం సేత్తాను" అంది. గదిలో అందరూ నవ్వారు. ఆయన అడిగింది రుజువు, ఆవిడ ఇస్తానన్నది ఒట్టు. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఆవిడ తప్పేమీ లేదు. సంస్కృతంలో ప్రమాణం అంటే కొలత, కొలిచి తేల్చే సాధనం. న్యాయ దర్శనం, అంటే మన పాత తర్కశాస్త్రం వాళ్లు ప్రత్యక్షం (కళ్లారా చూడడం), అనుమానం (గుర్తును బట్టి ఊహించి తేల్చడం), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవారి మాట) అని నాలుగు ప్రమాణాలు చెప్పారు. ఒడియా ఆ పాత అర్థాన్నే వాడుకలో నిలుపుకుంది. మన తెలుగు వాడుకలో ఆ మాట గుడి మెట్ల దగ్గరికి, కోర్టు బోనులోకి, మంత్రుల ప్రమాణ స్వీకారానికి వెళ్లింది. రుజువు చెయ్యడానికి మనం అరబీ పుట్టుక గల 'రుజువు', 'దాఖలా' తెచ్చుకున్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మీరు ఈ తేడా మధ్యలోనే పెరిగారు. కాబట్టి ఇంగ్లీషులో ఎవిడెన్స్, ప్రూఫ్ అనే రెండు మాటల మధ్య తేడా మీకే అందరికన్నా ముందు తెలియాలి.

ఎవిడెన్స్ లాటిన్ మాట. అందులో ఉన్నది 'చూడడం' అనే ధాతువు. కళ్లకు కనబడేది, ఎదుట పెట్టేది ఎవిడెన్స్. మన 'సాక్షి'లోనూ కన్నే ఉంది చూడండి. అక్షి అంటే కన్ను కదా. 'ముంజేతి కంకణానికి అద్దమేల' అంటామే, ఇంగ్లీషులో సెల్ఫ్ ఎవిడెంట్ అంటే అదే. ప్రూఫ్‌లో ఉన్నది వేరు: 'పరీక్షించడం'. ప్రెస్సులో దిద్దడానికి ముందు తీసే కాగితాన్ని ప్రూఫ్ అనడం అందుకే. వాటర్‌ప్రూఫ్ అంటే నీటి పరీక్షకు నిలిచింది. మనవాళ్లు చాలామంది 'ఫుల్‌ప్రూఫ్' అని రాస్తారు. అది ఫూల్‌ప్రూఫ్. ఏమీ తెలియనివాడి చేతిలో పెట్టినా చెడనిది అని. 'పూర్తి రుజువు' అని అర్థం కాదు.

మీరు పరీక్షల్లో చేసే ఇంకో తప్పు 'ఎవిడెన్సెస్'. తెలుగులో ఆధారాలు, సాక్ష్యాలు అని బహువచనం చక్కగా వస్తుంది గనక చెయ్యి దానంతట అదే చివర ఎస్ తగిలిస్తుంది. మామూలు ఇంగ్లీషు వాడుకలో అది ధాన్యంలాంటి మాట. గింజలు లెక్కపెట్టాలంటే పీసెస్ ఆఫ్ ఎవిడెన్స్ అనాలి. టెస్టిమొనీ అందులో ఒక రకం, మనిషి నోటితో చెప్పిన సాక్ష్యం. దాని గురించి ఇంతకన్నా అక్కర్లేదు.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. 1872 నాటి ఎవిడెన్స్ చట్టాన్ని రాసినవాడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. రెండింటిలోనూ ఒక నిర్వచనం ఉంది. విచారించాక కోర్టు ఒక సంగతి ఉందని నమ్మితే, లేదా వివేకం గల మనిషి దాన్ని నమ్మి అడుగు వెయ్యొచ్చు అనేంతగా అది సంభావ్యమని తోస్తే, అది రుజువైనట్టు. నేను దీన్ని మొదటిసారి చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రుజువు అనే మాటను చట్టం 'నమ్మకం'తో అర్థం చెప్పింది! అంటే ఎవిడెన్స్ కాగితంలో ఉంటుంది, ప్రూఫ్ ఆ కాగితం చదివిన మనిషిలో పుడుతుంది. మా నానమ్మ చేతిలో దస్తావేజు ఉంది. అది తెలుగులో ఉంది. బల్ల వెనకున్నాయనకు తెలుగు రాదు. ఎవిడెన్స్ ఉండీ ప్రూఫ్ కాలేకపోయింది.

అదే చట్టంలో మూడో గది కూడా ఉంది: రుజువైంది, కాదని తేలింది, రుజువు కాలేదు. 'ఆరోపణ రుజువు కాలేదు' అని పేపర్లో చూస్తే మనం 'అయితే అబద్ధమే' అనేసుకుంటాం. కాదు. అది రెండూ తేలని స్థితి. దయచేసి ఈ రెండింటినీ కలపకండి. ఊళ్లో ఎవరి మీదైనా మాట వచ్చినప్పుడు మరీ కలపకండి.

నమ్మకం వైపు మాటల్లో బిలీఫ్, ఫెయిత్, ట్రస్ట్ ఉన్నాయి. 'ఐ బిలీవ్ హిమ్' అంటే అతని మాట నమ్మాను. 'ఐ బిలీవ్ ఇన్ హిమ్' అంటే అతన్నే నమ్మాను. ఇంగ్లీషు 'ఇన్' చేర్చి చూపించే తేడాను తెలుగు 'మాట' చేర్చి చూపిస్తుంది. ఎంత బాగుందో! ఫెయిత్ మన విశ్వాసానికి దగ్గర. విశ్వాసం గల కుక్క అంటాం, వాళ్లూ ఫెయిత్‌ఫుల్ డాగ్ అంటారు.

ఈ ఊళ్లో నిలబడి సాక్ష్యం గురించి మాట్లాడుతూ గిడుగు రామమూర్తి గారిని తలచుకోకుండా ఎలా? ఆయన ఇక్కడే పాఠాలు చెప్పారు. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి ఆయనకు పుస్తకం లేదు. సవర మనుషులు మాట్లాడిన మాటే ఆధారం. ఆ మాటలు పట్టుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. తెలుగు విషయంలోనూ అంతే. వాడుక భాష తప్పని పండితులంటే, ఆయన పాత కవుల ప్రయోగాలు ఏరి ముందు పెట్టారు. ఒట్టు వెయ్యలేదు, ఎవిడెన్స్ పెట్టారు. చాలామంది అప్పుడు నమ్మలేదు. ప్రూఫ్ తేలడానికి ఏళ్లు పట్టింది.

చివరగా, ఈ ప్లాస్టిక్ కవరులో ఉన్నది ఆ దస్తావేజే. 1934 నాటిది. అప్పటికి మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న వచ్చింది. తెలుగూ ఒడియా రెండూ వచ్చిన ఒక మాస్టారు దీన్ని ఒడియాలోకి తిరగరాసి ఇచ్చాక నానమ్మ పని జరిగింది. ఆవిడ పోయాక ఇది నా దగ్గరికి వచ్చింది. కింద 'ఇందుకు సాక్షులు' అని రెండు పేర్లున్నాయి. ఒకాయన చేవ్రాలు చేశాడు. రెండో ఆయనకు చదువు లేదు, బొటనవేలు వేశాడు. సిరా కొంచెం ఒక పక్కకి పాకింది గానీ వేలి గీతలు ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి చూడండి. మడత దగ్గర మాత్రం పట్టుకోకండి, చిరుగుతుంది.