లబ్బర్ పందు రివ్యూ: మామా అల్లుళ్ల క్రికెట్, యశోద ట్రాక్టర్

నమస్తే అందరికీ. ముందే చెప్తున్నా, ఈ వీడియోకు స్పాన్సర్ ఉన్నారు. హన్మకొండలో ఒక స్పోర్ట్స్ షాపు వాళ్లు బ్యాటు, డబ్బా నిండా టెన్నిస్ బంతులు పంపించి, "ఆటల సినిమా మీద ఒక వీడియో చెయ్యి తమ్మీ" అన్నారు. ఏ సినిమా తీసుకోవాలి, ఏం చెప్పాలి అన్నది నాకే వదిలేశారు. నేను తమిళ సినిమా 'లబ్బర్ పందు' తీసుకున్నా, అంటే రబ్బరు బంతి. 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. డైరెక్టర్ తమిళరసన్ పచ్చముత్తుకు ఇదే మొదటి సినిమా. ట్రైలర్, నటీనటుల లిస్టు మీరు ఎక్కడో చూసే ఉంటారు, అవి వదిలేద్దాం.

గెత్తు అని ఊరంతా పిలిచే బ్యాట్స్‌మన్ ఒకాయన. పెళ్లీడుకొచ్చిన కూతురు ఉన్నా బ్యాటు వదలడు. అన్బు కుర్రాడు. గెత్తును ఎలా ఔట్ చేయాలో నాకు తెలుసని ఒక మాట అంటాడు, అది గెత్తు దాకా పోతుంది. ఇక ఇద్దరికీ అస్సలు పడదు. తీరా చూస్తే అన్బు ప్రేమించిన దుర్గ ఆ గెత్తు కూతురే!

నాకు ఈ సినిమా ఇంతగా ఎక్కడానికి కారణం ఇక్కడే ఉంది. 'ఒక్కడు' నాకు చాలా ఇష్టం, 2003లో వచ్చిన ఆ సినిమా ఇప్పుడు టీవీలో వేసినా కూర్చుంటా. కానీ అందులో కబడ్డీ పక్కన పెట్టినా హీరో హీరోయిన్‌ను కాపాడే కథ నిలబడుతుంది. ఇక్కడ క్రికెట్ తీసేస్తే పెళ్లికి అడ్డమే లేదు. అన్బు మంచి బంతి వేస్తే కాబోయే మామ పరువు పోతుంది, వేయకపోతే తన పరువు పోతుంది. నవ్వు, ప్రేమ, ఆట మూడూ ఒకే ఓవర్‌లో జరుగుతుంటాయి.

ఇప్పుడు యశోద గురించి. ఆగండి, ఈమె గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతా. గెత్తు భార్య ఆమె, స్వాసిక చేసింది. మొగుడు ఇల్లు పట్టించుకోకుండా ఆడుతున్నాడని ట్రాక్టర్ వేసుకొని గ్రౌండ్‌లోకే వచ్చేస్తుంది. పిచ్ మొత్తం దున్నేస్తుంది! ఆ సీన్‌కు మా వదిన చప్పట్లు కొట్టింది. ఎందుకు కొట్టదు? మా అన్న ఆదివారం వస్తే చాలు, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనో, కాజీపేటలోనో, టోర్నమెంట్ ఉందంటే పరకాల దాకానో పోతాడు. ఇంట్లో బగారన్నం, కోడికూర చల్లారిపోయి ఉంటాయి. "ఒక్క మ్యాచే" అని పోయిన మనిషి పొద్దుగూకినాక ఎర్రమట్టి ప్యాంటుతో వస్తాడు. వదిన కోపం మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆ కోపం వెనక ఎంత ప్రేమ ఉందో నాకు యశోదను చూశాకే కనపడింది. గెత్తు గ్రౌండ్‌లో పులి, యశోద ముందు నోరు పెగలదు. అది భయం కాదు, ఆమె అంటే అంత ఇష్టం. గెత్తుగా చేసిన దినేష్, స్వాసిక ఒకరినొకరు చూసుకునే చూపుల్లో ఆ ఇష్టం తెలిసిపోతుంది. నా లెక్కలో సినిమాలో అసలు ప్రేమజంట వీళ్లిద్దరే.

నాకు కోపం తెప్పించింది కూడా దానివల్లే. తల్లికి అంత బలమైన పాత్ర రాసినప్పుడు దుర్గకు ఇంకాస్త ఇవ్వాలి కదా? మామా అల్లుళ్ల మధ్య నలిగిపోయేది ఆ అమ్మాయే. ఆమె మనసులో ఏముందో ఇంకొంత చూపించి ఉంటే బాగుండేది. అన్బుగా చేసిన హరీష్ కల్యాణ్‌తో ఆమె సీన్లు బాగున్నాయి, కానీ తక్కువ.

ఇంకో మాట, దీన్ని కామెడీ అని మాత్రమే చూసి వదిలేయొద్దు. అన్బుకు ఆట ఉంది, కానీ కులం పేరు చెప్పి సొంత ఊరి జట్టులో చోటు ఇవ్వరు. వేరే జట్లకు పోయి ఆడుకోవాలి. మన దగ్గర కూడా టోర్నమెంట్లకు బయటి ప్లేయర్లను తెచ్చుకుంటారు. ఊళ్లో అంత బాగా ఆడే పిల్లగాడు పక్క ఊరికి ఎందుకు ఆడుతున్నాడని మనం ఎప్పుడైనా అడిగామా? డైరెక్టర్ దీని మీద ఉపన్యాసం ఇవ్వడు. అన్బు ముఖం చూపిస్తాడు, మనకు గొంతు పట్టేస్తుంది.

షాన్ రోల్డన్ సంగీతం బాగుంది. గెత్తుకు తమిళ హీరో విజయ్‌కాంత్ అంటే ప్రాణం, ఆయన పాత పాట వినపడగానే తమిళం రాని నాకే ఊపొచ్చింది.

స్టార్లు, మార్కులు నేను ఇవ్వను. చూడాల్సిందే, అంతే. ఒక్కరే ఫోన్‌లో చూడకండి, ఇంట్లో ఆడోళ్లను, ఆట పిచ్చి ఉన్నోళ్లను పక్కపక్కన కూర్చోబెట్టి టీవీలో వేయండి. చూసినవాళ్లు ఆఖరి మ్యాచ్‌లో ఏమైందో కింద రాయకండి ప్లీజ్, మా అన్న ఇంకా ఆ సగం చూడలేదు. మ్యాచ్ ఉందని మధ్యలో లేచి పోయాడు.