ఐఈఎల్‌టీఎస్ రాయబోయే తెలుగు విద్యార్థులతో

సభకు విచ్చేసిన పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

పై చదువులకు విదేశం వెళ్లాలనుకునే మన పిల్లలలో చాలామందికి పాస్‌పోర్టు చేతికొచ్చాక ఎదురయ్యే మొదటి గడప, ఇంగ్లీషు సామర్థ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష. ఏళ్ల తరబడి డిగ్రీ తరగతులకు ఇంగ్లీషు చెప్పిన నాకు, ఈ పరీక్షకు మనవాళ్లు సిద్ధమయ్యే తీరు చూస్తే ఒక బెంగ కలుగుతోంది. అభ్యర్థి సొంత మాట వినడానికి రూపొందించిన పరీక్షకు మనం ఇతరులు రాసిచ్చిన మాటలను వల్లె వేసుకుని వెళ్తున్నాం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది దీని గురించే.

పరదేశీయుల ఇంగ్లీషును పరీక్షించడం ఇటీవలి ఆలోచనేమీ కాదు. 1913లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నిర్వహించిన తొలి ప్రావీణ్య పరీక్షకు కూర్చున్నది ముగ్గురే. అనువాదం, వ్యాకరణం, ధ్వనిశాస్త్రం, సాహిత్యం, వ్యాసం అంటూ సుమారు 12 గంటలు సాగిన ఆ పరీక్షలో ముగ్గురిలో ఒక్కరూ ఉత్తీర్ణులు కాలేదు. ఇంగ్లీషు గురించి మీకేం తెలుసునని ఆ పరీక్ష అడిగింది. 1989లో ఐఈఎల్‌టీఎస్ పేరుతో మొదలైన పరీక్ష, ఇంగ్లీషుతో మీరేం చేయగలరని అడుగుతోంది. మన బడుల్లో ఇంగ్లీషు ఇప్పటికీ ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగి ఉంది కనుకనే, పదో తరగతిలో ఇంగ్లీషులో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి కూడా ఇక్కడ తడబడుతున్నాడు.

పరీక్ష స్వరూపం మీలో చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. వినడంలో 40 ప్రశ్నలు, చదవడంలో 40 ప్రశ్నలు, రాయడంలో రెండు రచనలు, ఆపైన ఎగ్జామినర్‌తో 11 నుంచి 14 నిమిషాల సంభాషణ ఉంటాయి. నాలుగింటికీ విడివిడిగా 9 వరకు బ్యాండ్లు, అంటే స్థాయి మార్కులు ఇచ్చి, వాటి సగటును దగ్గరి అర బ్యాండుకు సవరిస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వినడంలో 7.5, చదవడంలో 7, మాట్లాడడంలో 6, రాయడంలో 5.5 వస్తే సగటు 6.5 అవుతుంది. కానీ ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదని నియమం పెట్టిన విశ్వవిద్యాలయంలో ఆ 6.5 అక్కరకు రాదు. అందువల్ల బలమైన విభాగాన్ని మరింత బలపరుచుకునే మోజు మాని, బలహీనమైన దాని దగ్గరే ఎక్కువ సేపు కూర్చోండి.

చదివే విభాగంలో మనవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ‘నాట్ గివెన్’ అనే జవాబు. టీ తాగినవారు ఆ రాత్రి ఆలస్యంగా నిద్రపోయారని వ్యాసంలో ఉందనుకోండి. టీ ఆరోగ్యానికి హానికరమని కింద ఒక వాక్యం ఇచ్చి, అది నిజమా, అబద్ధమా, వ్యాసంలో చెప్పనిదా అని అడుగుతారు. మనవాడు ‘నిజం’ అని గుర్తు పెడతాడు. ఇంట్లో అమ్మ చెప్పింది, పత్రికల్లో చదివాడు, తనకూ అలాగే అనిపిస్తుంది. వ్యాసం మాత్రం ఆ మాట అనలేదు. తెలిసినదంతా రాసి కాగితం నింపమని చిన్ననాటి నుంచి నేర్పిన చదువు మనది. ఎదుటివాడు అన్నదానికీ మనం అనుకున్నదానికీ మధ్య గీత గీయడం అది నేర్పలేదు. రేపు పరిశోధన పత్రం చదివినా, ఒప్పంద పత్రం చదివినా కావలసింది ఆ గీతే కనుక, ఈ ప్రశ్న మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

వినే విభాగంలో రికార్డింగు ఒక్కసారే వినిపిస్తుంది. మాట్లాడే వ్యక్తి మంగళవారం అని, మరుక్షణమే సవరించుకుని గురువారం అంటాడు. మొదటి మాట వినగానే రాసేసి తర్వాతి ప్రశ్నకు పరుగెత్తిన వారికి ఆ సవరణ వినబడదు. రెండు మాటలకు మించకుండా రాయమన్న చోట మూడు రాసినా, స్పెల్లింగు తప్పినా మార్కు పోతుంది.

ఇక మాట్లాడే విభాగం. నా బెంగ అంతా ఇక్కడే. చేతికి ఒక కార్డు ఇచ్చి, ఒక్క నిమిషం ఆలోచించుకోనిచ్చి, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. నీటికి సంబంధించిన ఏదైనా ఒక చోటు గురించి చెప్పమని నేను సాధనలో అడిగితే, వరంగల్ జిల్లా పల్లె నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఎన్నడూ చూడని వెనిస్ కాలువల గురించి అందుకున్నాడు. పెద్ద పెద్ద మాటలు నాలుగు వచ్చాయి, అయిదో వాక్యం దగ్గర గొంతు ఆగిపోయింది. మీ ఊళ్లో చెరువు లేదా బాబూ అని తెలుగులో అడిగాను. అతని ముఖం మారింది. వానాకాలంలో చెరువు నిండి మత్తడి దూకడం, ఆ రోజు ఊరంతా కట్ట మీదికి చేరడం, తూము తెరిస్తే నీళ్లు ముందుగా ఎవరి మళ్లకు పోతాయో, చేపల కోసం వలలు ఎక్కడ పడతాయో ఆగకుండా చెప్పాడు. అదే ఇంగ్లీషులో చెప్పమన్నాను. మత్తడికి మాట తెలియక, చెరువు నిండినప్పుడు నీళ్లు పొర్లిపోయే రాతిగోడ అని విడమరచి చెప్పుకున్నాడు. వ్యాకరణంలో తప్పులు దొర్లాయి, అయినా మాట తెగలేదు. తెలియని పదాన్ని తెలిసిన పదాలతో అలా చుట్టుతిరిగి చెప్పగలగడం కూడా పదసంపద కింద పరిశీలించే నైపుణ్యమే. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు అంశాలను ఎగ్జామినర్ చూస్తారు. మీరు చూసిన ఊరు గొప్పదా కాదా అన్నది వాటిలో లేదు.

కంఠస్థం చేసిన జవాబును గుర్తుపట్టడంలో ఎగ్జామినర్లకు శిక్షణ ఉంటుంది. రాసే విభాగంలో పూర్తిగా బట్టీపట్టిన రచన అని రుజువైతే దక్కేది సున్నా అని మూల్యాంకన సూత్రాలే చెబుతున్నాయి. ఏ అంశానికైనా అతికే ఉపోద్ఘాతాలను అమ్మే శిక్షణ కేంద్రాలు ఈ సంగతి పిల్లలకు చెప్పకపోవడం నన్ను బాధిస్తుంది. ఆ ఫీజు కోసం నగలు కుదువపెట్టిన తల్లులు నాకు తెలుసు. 250 పదాల వ్యాసానికి ముందు, ఈ ప్రశ్న మీద నా అభిప్రాయమేమిటని తెలుగులోనే అయిదు నిమిషాలు ఆలోచించండి. అభిప్రాయమంటూ ఉంటే దానికి వాక్యాలు దొరుకుతాయి.

ఉచ్చారణ విషయంలో భయం వద్దు. మన యాస వదులుకోమని ఎవరూ అడగడం లేదు. మాట స్పష్టంగా అర్థమైతే చాలు. అయితే తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కనుక బస్, రోడ్, కార్ మన నోట బస్సు, రోడ్డు, కారు అవుతాయి. ఆ చివరి ఉకారం ఇంగ్లీషులోకి వెంట వస్తే మాట మసకబారుతుంది. జూ, జీరో అనే మాటల్లోని ధ్వని మనకు లేదని నిరాశపడేవారు, జొన్న, జడ అన్నప్పుడు పలికే దంత్య జకారాన్ని గమనించండి. దానికీ దీనికీ దూరం తక్కువే. ఫొటోగ్రాఫ్‌లో మొదటి అక్షరాన్నీ, ఫొటోగ్రఫీలో రెండో అక్షరాన్నీ ఒత్తి పలకడం లాంటివి రోజూ పావుగంట బిగ్గరగా చదివితే నాలుకకు అలవాటవుతాయి.

నా చేతిలో పది కార్డులున్నాయి. ప్రతి కార్డు మీదా మీరు స్వయంగా ఎరిగినదేదో ఒకటి రాసి ఉంది: సంత, నాయనమ్మ వంట, ఊరి బస్సు, చెరువు. వచ్చినవారికి ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడడానికి రెండు నిమిషాలు ఇస్తాను. తప్పుల లెక్క ఈ సాయంత్రానికి పక్కన పెడదాం. మొదట ఎవరు వస్తారు?