జర్మనీలో మా ఆదివారం: మిక్సీకి సెలవు, పచ్చి పులుసుకు పండగ

అందరికీ నమస్తే అండి. హన్మకొండ నుంచి మా ఆడపడుచు, తెనాలి నుంచి మా పిన్ని, ఇద్దరిదీ ఒకటే మాట. "ఆదివారం మీరిద్దరూ ఏం చేస్తారు, ఏం వండుకుంటారు, ఒక వీడియో పెట్టవే" అని. ఇదిగో, ఇది వాళ్ల కోసమే. కొత్తగా చూసేవాళ్లకు చెప్తున్నా, మేముండేది జర్మనీలో స్టుట్‌గార్ట్. మాకు ఈ మధ్యే పెళ్లయింది. మా ఆయన ఇక్కడ ఉద్యోగంలో ఉన్నారు. ఆయనకు బ్లూ కార్డు, అంటే పెద్ద చదువులు చదివి ఉద్యోగానికి వచ్చేవాళ్లకు ఇచ్చే పర్మిట్, ఉంది కాబట్టి నాకు జర్మన్ పరీక్ష రాయకుండానే వీసా వచ్చింది. ఇక్కడికొచ్చాక క్లాసులో చేరాను.

ఇక్కడ ఆదివారం షాపులు తెరవరు. కూరగాయల షాపు, బట్టల షాపు, సూపర్ మార్కెట్, అన్నీ మూతే. బేకరీలు మాత్రం పొద్దున కొన్ని గంటలు ఉంటాయి. పెట్రోల్ బంకులు, హోటళ్లు, రైల్వే స్టేషన్లో, ఎయిర్‌పోర్టులో కొన్ని షాపులు ఉంటాయి. మందుల షాపులు వంతుల వారీగా తీస్తారు. అంతే. శనివారం రాత్రి ఉల్లిపాయలు చూసుకోకపోతే సోమవారం దాకా ఉల్లిపాయ లేని వంటే.

ఇదేదో షాపుల వాళ్లు పెట్టుకున్న ఆనవాయితీ అనుకున్నాను నేను. కాదు, రాజ్యాంగంలోనే ఉందట! మా జర్మన్ టీచర్ గారు చెప్పారు. 1919లో రాసుకున్న వైమార్ రాజ్యాంగంలో 139వ అధికరణం: ఆదివారం, పండగ రోజులు పనికి విరామంగా ఉండాలి, చట్టం వాటిని కాపాడాలి అని. 1949లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు, 140వ అధికరణం ద్వారా ఆ మాటను అలాగే ఉంచేశారు. ఒక దేశం తన రాజ్యాంగంలో "ఈ రోజు విశ్రాంతి తీసుకోండి" అని రాసుకోవడం నాకు చాలా నచ్చింది. మా అమ్మకు ఆదివారమంటే పని రెట్టింపయ్యే రోజు. అందరూ ఇంట్లో ఉంటారు, చుట్టాలొస్తారు, రెండు రకాల కూరలు ఉండాలి. ఈ విషయం చెప్తే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆడవాళ్లకు కూడానా?" అని అడిగింది.

లారీల సంగతి చెప్తే మా నాన్న ఇంకా ఆశ్చర్యపోయారు. ఏడున్నర టన్నులు దాటిన లారీలు ఆదివారం రాత్రి పది దాకా రోడ్డెక్కకూడదు. "మరి పాలు, కూరగాయలు ఎట్లా వస్తాయమ్మా?" అన్నారు. పాలు, మాంసం, తొందరగా పాడయ్యే పళ్లు, కూరగాయలు తెచ్చే బళ్లకు మినహాయింపు ఉంది నాన్నా. ఆ రోజు ఫోన్లో చెప్పాను కానీ సిగ్నల్ సరిగ్గా లేదు, అందుకే మళ్లీ చెప్తున్నా.

ఇక అసలు సంగతి, మిక్సీ. చట్టంలో మిక్సీ అని ఎక్కడా లేదు. మా బిల్డింగ్ రూల్స్ కాగితంలో మాత్రం ఆదివారం డ్రిల్లింగ్ చేయొద్దు, వాషింగ్ మెషిన్ వేయొద్దు, వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు అని ఉంది. నేను తెచ్చుకున్న 750 వాట్ల మిక్సీ వాక్యూమ్ క్లీనర్ కంటే గట్టిగా అరుస్తుంది. ఇక్కడ కరెంటు కూడా మన లాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి మన మిక్సీ చక్కగా పనిచేస్తుంది, ప్లగ్గుకు అడాప్టర్ పెట్టుకుంటే చాలు. కొత్తగా పెళ్లయి వచ్చే అమ్మాయిలు ధైర్యంగా తెచ్చుకోండి. ఖాళీ సీసాలు పడేసే పెద్ద డబ్బాలుంటాయి ఇక్కడ వీధి చివర. ఆదివారం వాటిలో సీసా కూడా వేయకూడదు, పగిలిన చప్పుడవుతుందని. సీసాకే లేని అనుమతి మన మిక్సీకెక్కడుంటుంది చెప్పండి!

నేను తెనాలి పిల్లని. మా ఇంట్లో పచ్చడి లేకుండా అన్నం ముద్ద దిగదు. కొబ్బరి పచ్చడి, దోసకాయ పచ్చడి, గోంగూర, ఏదైనా సరే, నూరాలి. అందుకని మా ఇంట్లో శనివారం సాయంత్రం రుబ్బుడు కార్యక్రమం. ఇడ్లీకి మినప్పప్పు, ఇడ్లీలోకి చట్నీ, మధ్యాహ్నానికి పచ్చడి, అల్లం వెల్లుల్లి ముద్ద, అన్నీ రాత్రి పది లోపు అయిపోవాలి, ఎందుకంటే పది తర్వాత రోజూ నిశ్శబ్దమే. ఇడ్లీ పిండిని ఓవెన్‌లో పెట్టి లైటు వేసి ఉంచుతాను. చలికాలంలో కూడా ఆ కాస్త వేడికి పొద్దునకల్లా పొంగుతుంది.

శనివారం పొద్దున సంతకు వెళ్తాం. ఊరి మధ్యలో మార్క్ట్‌ప్లాట్జ్, పక్కనే షిల్లర్‌ప్లాట్జ్, అక్కడ మంగళ, గురు, శనివారాల్లో సంత పెడతారు. రైతులే అమ్ముతారు. ముల్లంగి, పాలకూర, ఆపిల్స్ తాజాగా ఉంటాయి. ధరలు వింటే మాత్రం మా అత్తయ్యకు గుండె దడ. యూరో అంటే దగ్గర దగ్గర వంద రూపాయలు. నేను కొన్న కొత్తిమీర కట్ట యూరోన్నర, అంటే నూటయాభై రూపాయలు. తెనాలి మార్కెట్లో కూరగాయలకు కొసరుగా వేస్తారు కదా, అదే కొత్తిమీర! అందుకే కాడలతో సహా వాడతాను, ఒక్క ఆకు పారేయను. బెండకాయలు కిలో ఏడు యూరోలు పడ్డాయి, ఏడు వందలు. బెండకాయ వేపుడు మా ఇంట్లో ఇప్పుడు పండగ వంట.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం. మా ఆయనది హన్మకొండ. పెళ్లయిన కొత్తలో వంట విషయంలో మా ఇద్దరి మధ్యా చిన్న చిన్న పోట్లాటలే. నేను పచ్చడంటాను, ఆయన పచ్చి పులుసంటారు. చివరికి మా బిల్డింగ్ రూల్స్ ఆయన పక్షాన తీర్పు చెప్పాయి. పచ్చి పులుసుకు మిక్సీ అక్కర్లేదు! చింతపండు నానబెట్టి పిసకడం, ఉల్లిపాయలు, ఉప్పు, కాల్చిన పచ్చిమిర్చి వేసి చేత్తో నలపడం, కొత్తిమీర, కొంచెం బెల్లం, ముందే కొట్టిపెట్టుకున్న నువ్వుల పొడి. ఒక్క చప్పుడుండదు. ముద్దపప్పు, నెయ్యి, పచ్చి పులుసు, ఆలుగడ్డ వేపుడు. ఇది మా ఆదివారం భోజనం. ఇప్పుడు నాకే అది లేకపోతే ఆదివారంలా ఉండట్లేదు.

ఆ మిర్చి కాల్చడం దగ్గరే ఇబ్బంది. ఇక్కడ మా పొయ్యిలో మంట ఉండదు. నున్నటి నల్లటి గ్లాసు, దాని కింద ఎర్రగా వేడెక్కుతుంది. పుల్కా పొంగించలేం, వంకాయ కాల్చలేం. మా అత్తయ్య వీడియో కాల్‌లో చూసి, "మంట మీద కాలకుంటే ఆ రుచెట్ల వస్తది బిడ్డా" అన్నారు. ఆవిడ మాట నిజమే, పెనం మీద వేయిస్తే ఆ వాసన రాలేదు. ఓవెన్ పైభాగంలో గ్రిల్ ఉంటుంది, దాని కింద మిర్చి పెట్టి బాగా మచ్చలు పడేదాకా ఉంచితే దాదాపు ఆ రుచి వచ్చింది. అత్తయ్యకు ఫొటో పంపాను. "మా కోడలు తెలివైంది" అని వాళ్ల గ్రూపులో పెట్టారట, మా ఆడపడుచు చెప్పింది. ఆ రోజంతా నేను నేల మీద లేను.

పొయ్యంటే గుర్తొచ్చింది. ఇక్కడ చాలా ఇళ్లు అద్దెకిస్తే వంటగది ఉండదు. గది ఉంటుంది, పైపులుంటాయి. సింక్, పొయ్యి, కప్‌బోర్డులు ఏవీ ఉండవు! మనమే కొనుక్కోవాలి, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాలి, లేదంటే తర్వాత వచ్చేవాళ్లకు అమ్మాలి. మా ముందు ఉన్నవాళ్ల దగ్గర మా ఆయన పదిహేను వందల యూరోలకు కొన్నారు, అంటే లక్షన్నర రూపాయలు. మా నాన్న "ఆ డబ్బుతో ఇక్కడ వంటిల్లు మొత్తం చేయించొచ్చు" అన్నారు. కానీ నేను వచ్చేసరికి కప్‌బోర్డులన్నీ తుడిచి, పోపుల పెట్టె కొని అందులో ఆవాలు, జీలకర్ర పోసి పెట్టారు ఆయన. ఆ పోపుల పెట్టె చూశాక నాకు ఈ ఇల్లు మాదనిపించింది.

ఆదివారం పొద్దున ఒక్కటే కష్టం. చలికాలంలో మనకంటే ఇక్కడ నాలుగున్నర గంటలు వెనక. మేం తొమ్మిదింటికి ఇడ్లీలు తింటుంటే తెనాలిలో ఒంటిగంటన్నర, అందరూ భోజనాల దగ్గర. ఫోన్లో పక్కింటి కుక్కర్ విజిల్, మా తమ్ముడు చికెన్ ముక్క కోసం పేచీ, టీవీ, బయట బండ్ల హారన్లు, అన్నీ ఒకేసారి వినిపిస్తాయి. ఫోన్ పెట్టేశాక ఇక్కడ చర్చి గంటలు తప్ప ఏ చప్పుడూ లేదు. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను, ఏడుపొచ్చేది. మా ఆయన ఏమీ అనకుండా టీ పెట్టి తెచ్చేవారు. ఇప్పుడు కాల్ అయిపోగానే ఇద్దరం బూట్లేసుకుని నడకకు వెళ్తాం. ఊరు గిన్నె అడుగున ఉన్నట్టు లోతులో ఉంటుంది, చుట్టూ కొండలు. ఎక్కడ చూసినా పైకెళ్లే మెట్లదారులే. నగరం మధ్యలోనే ద్రాక్షతోటలుంటాయి. పెళ్లికి ముందు మేం సరిగ్గా మాట్లాడుకుందే లేదు. ఆయన చిన్నప్పుడు వేయిస్తంభాల గుడి దగ్గర సైకిల్ నేర్చుకున్న సంగతి నాకు ఆ మెట్ల మీదే తెలిసింది.

ఇంకో మంచి విషయం చెప్పాలి. మా కింద ఇంట్లో మా అమ్మమ్మ వయసు ఆవిడ ఒక్కరే ఉంటారు. మొన్న మెట్ల దగ్గర కనిపించి, మా ఇంట్లోంచి వచ్చే వాసన దేనిదని అడిగారు. పప్పు పోపు వాసన అది. వచ్చిన జర్మన్‌లో "పప్పు, రోజూ తింటాం" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. సాయంత్రం ఒక డబ్బాలో వాళ్ల పప్పు పెట్టి ఇచ్చారు. ఈ ప్రాంతాన్ని స్వాబియా అంటారు, ఇక్కడివాళ్లకు పప్పంటే ప్రాణం! గోధుమరంగు చిన్న పప్పు గింజలు గింజలుగానే ఉడికించి, స్పెట్సలె అని గుడ్డు వేసి చేసే మెత్తటి నూడుల్స్‌తో తింటారు. పక్కన సాసేజ్ కూడా పెడతారు, మేం తింటామో లేదో అని ఆవిడ అది లేకుండా ఇచ్చారు. ఆ పప్పులో చివర్లో ఏం వేస్తారో తెలుసా? వెనిగర్! పుల్లగా ఉండాలట పప్పు. నాకైతే పప్పుపులుసు తిన్నట్టే ఉంది. ఇన్నాళ్లూ వీళ్ల తిండికీ మన తిండికీ సంబంధమే లేదనుకున్నాను.

ఆ పప్పుకో కథ కూడా ఉంది. స్టుట్‌గార్ట్‌కు దక్షిణంగా స్వాబియన్ ఆల్బ్ అని రాళ్లనేల ఉన్న కొండప్రాంతం. అక్కడ పూర్వం ఈ పప్పు పండించేవారు. తర్వాత సాగు ఆగిపోయి పాతరకం విత్తనాలే లేకుండా పోయాయి. 2006లో రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న వవిలోవ్ సంస్థ విత్తనాల బ్యాంకులో అవి దొరికాయి. అక్కణ్నుంచి తెచ్చి మళ్లీ పండిస్తున్నారు. అర కిలో ప్యాకెట్ దాదాపు ఐదు యూరోలు, అంటే ఐదు వందలు. కందిపప్పు కంటే చాలా ఖరీదు. అయినా ఒకటి కొన్నాను. వెనిగర్ బదులు చింతపండు వేసి, ఇంగువ పోపు పెట్టి చేశాను. మా ఆయన రెండోసారి వడ్డించుకున్నారు.

ఇప్పుడు ఆవిడ డబ్బా తిరిగి ఇవ్వాలి. ఖాళీ డబ్బా ఎలా ఇస్తాం, మన ఇళ్లలో అలవాటే లేదు కదా. ఇక్కడివాళ్లు ఆదివారం మధ్యాహ్నం మూడు, నాలుగింటికి కాఫీ, కేకు పెట్టుకుని కూర్చుంటారు. ఆ టైముకు కాఫీతో బాగుండేది ఏదైనా పెట్టాలనుంది. అమ్మ వేయించి పట్టించి పంపిన మినప్పిండి ఉంది, ఇక్కడి వెన్న కాచిన నెయ్యి కమ్మగా ఉంది, సున్నుండలు చుడదామనుకుంటున్నా. మా ఆయనేమో గారెలు ఇద్దామంటున్నారు, ఆయనకు తినాలని ఉంది కాబట్టి. పిన్నీ, నువ్వు చెప్పు. బెల్లంతో చేయనా, చక్కెరతో చేయనా? శనివారంలోగా ఫోన్ చేయి.