మెయిల్స్ దాచుకోవడానికి ఏ ఫార్మాట్ మంచిది? ఎంబాక్స్, మెయిల్‌డిర్, పీఎస్‌టీ రివ్యూ

నమస్కారం అండి. మీ దగ్గర పదేళ్ల మెయిల్స్ ఉన్నాయనుకోండి. రేపు మెయిల్ ప్రోగ్రాం మారిస్తే అవన్నీ తెరుచుకుంటాయా? అది అవి ఏ ఫార్మాట్‌లో ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందుగా ఎంబాక్స్. గూగుల్‌లోని మన డేటాను దించుకునే గూగుల్ టేకౌట్‌లో జీమెయిల్ డౌన్‌లోడ్ చేస్తే వచ్చేది ఇదే. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం మామూలుగా మెయిల్స్ దాచేదీ, ఆపిల్ మెయిల్ ఎక్స్‌పోర్ట్ చేసేదీ ఇందులోనే. ఫోల్డర్‌లోని మెయిల్స్ అన్నీ ఒకే టెక్స్ట్ ఫైల్‌లో వరసగా ఉంటాయి. స్క్రీన్ మీద చూడండి, ప్రతి మెయిల్ 'ఫ్రమ్' అనే లైనుతో మొదలవుతోంది. కొత్త మెయిల్ ఎక్కడ మొదలైందో ప్రోగ్రాం దీన్ని చూసే గుర్తుపడుతుంది. మరి ఉత్తరం మధ్యలోనే ఎవరైనా ఒక లైను 'ఫ్రమ్' అని మొదలుపెడితే? పొరపాటు పడకుండా దాని ముందు గ్రేటర్ దాన్ (>) గుర్తు పెడతారు. తర్వాత ఆ గుర్తు తీసే విషయంలో అన్ని ప్రోగ్రాంలూ ఒకేలా నడుచుకోవు. పాత మెయిల్‌లో అలాంటి గుర్తు ఒకటి కనిపిస్తే కారణం ఇదే.

తెలుగులో మెయిల్స్ రాసుకునేవాళ్లు ఇది తప్పకుండా వినాలి. ఎంబాక్స్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి తెలుగు మాట వెతికితే చాలాసార్లు దొరకదు. అక్షరాలన్నీ బేస్64లోకి, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో రాసే ఒక కోడ్‌లోకి మారి ఉంటాయి. టెన్షన్ పడి ఫైల్ డిలీట్ చేయకండి, మెయిల్ ప్రోగ్రాంలో తెరిస్తే తెలుగు చక్కగా కనిపిస్తుంది.

ఎంబాక్స్‌లో నాకు నచ్చనిది బ్యాకప్. 10 జీబీ ఫైల్‌లోకి ఒక్క కొత్త మెయిల్ వచ్చినా, ఫైల్ మొత్తం మారినట్టే లెక్క. మామూలు బ్యాకప్ టూల్ 10 జీబీనీ మళ్లీ కాపీ చేస్తుంది. డిలీట్ చేసిన మెయిల్స్ కూడా 'కంపాక్ట్' చేసేదాకా, అంటే వాటిని ఫైల్‌లోంచి నిజంగా తీసేసేదాకా, ఫైల్‌లోనే ఉంటాయి.

మెయిల్‌డిర్‌లో ఈ బాధ లేదు. డేనియల్ బెర్న్‌స్టీన్ అనే ప్రోగ్రామర్ తన క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ కోసం దీన్ని తయారుచేశారు. ఒక మెయిల్‌కి ఒక ఫైల్. ఒక ఫైల్ పాడైతే ఆ ఒక్క మెయిలే పోతుంది. లినక్స్ వాడేవాళ్లకు నా ఓటు దీనికే. చిక్కల్లా విండోస్‌తోనే. మెయిల్‌డిర్ ఫైల్ పేర్లలో కోలన్ (:) వస్తుంది, విండోస్ దాన్ని ఒప్పుకోదు.

పీఎస్‌టీ ఔట్‌లుక్ సొంత ఫార్మాట్. మైక్రోసాఫ్ట్ దాని వివరాలు బయటపెట్టింది, లినక్స్‌లో రీడ్‌పీఎస్‌టీ అనే టూల్‌తో ఎంబాక్స్‌గా మార్చుకోవచ్చు కూడా. అయినా మీ ఏకైక కాపీని మాత్రం అందులో ఉంచకండి.

నా సలహా ఇదీ: ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి మారడానికి ఎంబాక్స్ వాడండి. ఇంటి కాగితాలు, ఉద్యోగం ఆర్డర్లు లాంటి ముఖ్యమైన మెయిల్స్‌ని విడిగా ఈఎమ్ఎల్ ఫైళ్లుగా, అంటే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్‌గా, కూడా సేవ్ చేసుకోండి. థండర్‌బర్డ్, ఔట్‌లుక్, ఆపిల్ మెయిల్ మూడూ వాటిని తెరుస్తాయి.

మార్చాక పాత ఖాతా వెంటనే మూసేయకండి. రెండు వైపులా మెయిల్స్ లెక్క సరిచూడండి. అన్నిటికన్నా పాత తెలుగు మెయిల్ ఒకటి, అటాచ్‌మెంట్ ఉన్నది ఒకటి తెరవండి. రెండూ సరిగ్గా తెరుచుకున్నాకే పాతది తీసేయండి.