కారులో ఎలుక వాసన

శ్రోతలకు నమస్కారం. వానలు మొదలై, కారు అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకునే రోజులొచ్చాయంటే నాచారంలోని మా షెడ్డుకు ఒకే రకం బండ్లు వరస కడతాయి. మొన్న మలక్‌పేట నుంచి ఒకాయన 2006 మోడల్ వ్యాగనార్ తెచ్చాడు. "అన్నా, మూడు సెంటు డబ్బాలు పెట్టిన. వాసన పోతలేదు. పిల్లలు బండి ఎక్కుమంటే ఎక్కుతలేరు" అన్నాడు. డోరు తీశాను. పైన మల్లెపూల సెంటు, దాని అడుగున కళ్లు మండించే మూత్రపు కంపు. రెండూ కలిస్తే ఒట్టి కంపు కన్నా కడుపులో తిప్పుతుంది.

అందుకే మొట్టమొదట సెంటు డబ్బా తీసేయమంటాను. అది ఉన్నంతసేపు వాసన ఎక్కడినుంచి వస్తోందో ముక్కుకు తెలియదు. ఎలుక మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. మనకు తగిలే ఘాటు అదే. ఆ మూత్రం ఇంకిన చోటు దొరికేదాకా వాసన పోదు.

ఎక్కువసార్లు ఆ చోటు గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. ఏసీ వేసిన మరుక్షణం వాసన గుప్పుమంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఈ వ్యాగనార్‌లో గ్లవ్ బాక్స్ ఊడదీసి బ్లోయర్ కిందికి దించితే, ఫ్యాను రెక్కల మధ్య గుప్పెడంత గూడు. సీటు స్పాంజి తునకలు, సన్నగా చీల్చిన న్యూస్ పేపరు, దీపం వత్తి ఒకటి, పల్లీ పొట్టు, నాలుగు బియ్యపు గింజలు. అంతా తడిసి ఆరి అట్టకట్టింది. ఏసీ వేసినప్పుడల్లా ఆ ఇంటిల్లిపాదీ పీలుస్తున్నది దాని మీదుగా వచ్చిన గాలే.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. ఆ గూటిని ఉత్త చేతులతో లాగకండి, చీపురుతో ఊడ్చకండి, గాలి పైపు అసలే కొట్టకండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా ఆ క్రిమి లోపలికి పోతుంది. ముందు డోర్లన్నీ తీసి అరగంట గాలాడనివ్వండి. గ్లౌజులు, మాస్కు వేసుకోండి. ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి గూడు, పెంటికలు బాగా తడపండి. ఐదు నిమిషాలు ఆగి, పాత గుడ్డతో ఎత్తి కవర్లో మూటకట్టి పారేయండి. ఆ నీళ్లలో యాసిడ్ గానీ ఫినాయిల్ గానీ కలపొద్దు, విషవాయువు పుట్టొచ్చు. ఏసీ కాయిల్ లోహం కాబట్టి దానిమీద బ్లీచ్ పడనివ్వకండి. బండిలో ఏసీ ఫిల్టర్ ఉంటే కడిగి వాడుకోవాలని చూడకండి, కొత్తది వేయించండి. ఈ పని చేసిన కొద్దిరోజులకు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఎలుకల గూడు తీసిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

రెండో చోటు కాళ్లకింద ఉంటుంది. పైన మ్యాటు శుభ్రంగా కనిపిస్తుంది, దాని కింద మందంగా పరిచిన నమ్దా, అంటే ఒత్తిన పీచు పొర మాత్రం మూత్రాన్ని దూదిలా పీల్చుకుంటుంది. సీట్లు విప్పి, మ్యాటింగ్ ఎత్తి చూడాల్సిందే. సీట్లలో ఎయిర్‌బ్యాగులున్న బండయితే మీరు చెయ్యి పెట్టకండి, మెకానిక్‌కు ఇవ్వండి. బాగా తడిసిన నమ్దాను కడగడం దండగ, ఆ ముక్క కోసి కొత్తది వేయాలి. సీటు స్పాంజికి మాత్రం, కుక్కల, పిల్లుల సామాన్లమ్మే దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రావణం పనిచేస్తుంది. పైపైన చిలకరిస్తే లాభం లేదు. మూత్రం ఎంత లోతుకు దిగిందో అదీ అంత లోతుకు దిగాలి. మీద ప్లాస్టిక్ కవరు కప్పి రాత్రంతా తడిగా ఉంచండి. బ్లీచ్ పడినచోట ఎంజైమ్ పోస్తే అది చచ్చిపోతుంది, రెండూ ఒకేచోట వాడొద్దు. తర్వాత నాలుగు డోర్లూ తెరిచి రెండురోజులు ఎండబెట్టండి. మన హైదరాబాద్ ఎండ ఇందుకు బాగా పనికొస్తుంది. మిగిలిన కాస్త వాసనకు వంటసోడా చల్లి, మర్నాడు వ్యాక్యూమ్‌తో లాగేస్తే చాలు.

ఎలుకల మందు మాత్రం బండిలో పెట్టొద్దని చేతులెత్తి మొక్కుతాను. తిన్న ఎలుక బయటికి వచ్చి చావదు. ఓసారి డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి, ఏసీ గాలి వెళ్లే డక్టులోంచి కుళ్లిన ఎలుకను తీయడానికి మాకు ఒకటిన్నర రోజు పట్టింది. కలరా ఉండలూ వద్దు, మూసిన బండిలో ఆ ఆవిరి పిల్లలకు మంచిది కాదు. బోను పెట్టండి, అదీ బండి బయట.

సెల్లార్లో తిరిగే పందికొక్కును చూసి అదే దూరిందనుకుంటారు. దూరేది చిన్న ఎలుక, దానికి అర అంగుళం సందు చాలు. వైపర్ల కింద గాలి లోపలికి పోయే దారికి సన్నకంతల ఇనుప జాలీ బిగించండి. బండి ఆపేటప్పుడు ఏసీ గాలి లోపలే తిరిగే మీట నొక్కి ఉంచితే, చాలా బండ్లలో బయటిగాలి రేకు మూసుకుంటుంది. డిక్కీలో బియ్యం మూట మోస్తే రాలిన గింజలు ఆరోజే ఊడ్చేయండి. అన్నిటికన్నా ముఖ్యం, బండి కదలాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక సెల్లార్లలో నెలలకొద్దీ ఆగిపోయిన బండ్లు తర్వాత మా దగ్గరికి గూళ్లతో, కొరికిన వైర్లతో వచ్చాయి. ఎలుక ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరకక దానికి తప్పదు. చాలారోజులు ఆగిన బండిని స్టార్ట్ చేసేముందు బానెట్ ఎత్తి వైర్లు, పెట్రోలు పైపు ఓసారి చూసుకోండి.

వ్యాగనార్ నాలుగోరోజుకు తయారైంది. ఆయన తన చిన్నపాపను వెంటబెట్టుకొచ్చాడు. పాప వెనకసీట్లో కూర్చుని, అద్దం ఎక్కించి, ముక్కు ఎగబీల్చి, "ఇక్కడ ఇంకా ఉంది అంకుల్" అంటూ సీటుబెల్టు చూపించింది. బెల్టును చివరిదాకా లాగితే, ఎప్పుడూ చుట్టలోనే ఉండే జానెడు మేర పసుపుపచ్చ మరక. మేమెవరం చూడలేదు. బ్లీచ్ పెడితే బెల్టు బలం పోతుంది కాబట్టి గోరువెచ్చని సబ్బునీళ్లతో రెండుసార్లు తుడిచి, మళ్లీ లోపలికి పోకుండా క్లిప్పు పెట్టి, సాయంత్రందాకా నీడన ఆరబెట్టాను. ఆరాక పాపనే పిలిచి మళ్లీ వాసన చూడమన్నాను.